కారునకు రెండు సాక్ష్యములు: రిజిస్ట్రేషను, తనిఖీ

భద్రాచలము నుండి గోదావరి యెడమగట్టు వెంబడి దుమ్ముగూడెము పోవు దారి సుమారు 25 కిలోమీటర్లు. బయలుదేరు పట్టణము తెలంగాణలోనిది. చేరు ఊరు కూడ తెలంగాణలోనిదే. కాని నడుమ కొంత దూరము ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎటపాక మండలము మీదుగా పోవలసియున్నది. 2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు, భద్రాచలము పట్టణము మినహా, ఆ మండలపు గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో చేరుటచే ఈ స్థితి యేర్పడినది. దుమ్ముగూడెము మండలపు అడవుల కావల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము కలదు. పర్ణశాలకు వచ్చు యాత్రికుల కార్లు, బస్తీకి పోవు జీపులు, సరుకుల లారీలు ఈ దారినే నడచుచుండును. దారి ప్రక్కన నిలిచి చూచు విద్యార్థికి ఒక్క పూటలోనే మూడు రాష్ట్రముల అక్షరములు గల బండ్లు కనబడవచ్చును.

ఇన్ని సరిహద్దులు దాటుచున్నను సొంత కారును ప్రతి చోటను క్రొత్తగా నమోదు చేయించవలసిన పని లేదు. ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండి దేశమంతటను చెల్లునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. అయితే ఆ సౌకర్యము వెనుక ఒక నియమమున్నది. రోడ్డెక్కిన ప్రతి వాహనము రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగియుండవలెను. మొదటిది: ఈ బండి ఎవరిది? రెండవది: ఈ బండి రోడ్డుపై నడచుటకు తగియున్నదా? మొదటి ప్రశ్నకు సాక్ష్యము రిజిస్ట్రేషను. రెండవదానికి సాక్ష్యము తనిఖీ. ఈ రెంటిలో ఏది లోపించినను నష్టపోవువాడు యజమాని యొక్కడే కాదు, దారిన పోవు బాటసారియు నష్టపోవును.

నెంబరు పలక పుట్టుక

మోటారు బండ్లకు గుర్తు పలకలు తగిలించవలెనను ఆజ్ఞ మొట్టమొదట 1893లో పారిస్ నగర పోలీసు శాఖ జారీచేసినది. బ్రిటనులో 1903 నాటి మోటారు కారు చట్టము నమోదును తప్పనిసరి చేసినది. కారణము సులభముగనే గ్రహింపవచ్చును. ఎడ్లబండి తోలువాడు ఏ ఊరివాడో అందరికి తెలియును. ప్రమాదము జరిగినను అతడు పరుగెత్తి పోజాలడు. మోటారు బండి యట్లు కాదు. అపరిచితుడు క్షణములో వచ్చి, క్షణములో కనుమరుగగును. వెనుకనున్న నాలుగు అంకెలే అతనిని గుర్తించుటకు మిగులు ఆధారము.

భారతదేశమున 1914లో మొదటి మోటారు వాహనముల చట్టము వచ్చినది. దాని స్థానమున 1939 చట్టము, పిదప 1988 చట్టము వచ్చినవి. నేడు అమలులోనున్నది 1989 జూలై 1 నుండి ఆచరణలోనికి వచ్చిన ఈ 1988 చట్టమే. దీనికి 2019లో పెద్ద సవరణలు జరిగినవి.

దుమ్ముగూడెము ప్రాంతపు నెంబరు పలకలు ఆ ప్రాంత చరిత్రను కూడ చెప్పును. 1953 వరకు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమున, పిదప ఆంధ్ర రాష్ట్రమున, 1956 నుండి ఆంధ్రప్రదేశ్‌లో తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో తెలంగాణలోనిదైనది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదైనది. ఊరు కదలలేదు, గోదావరిపై పాత ఆనకట్టయు కదలలేదు, మారినవి అక్షరములు మాత్రమే. ఖమ్మము జిల్లా బండ్లకు మొదట ‘ఏపీ 20’, రాష్ట్ర విభజన తరువాత ‘టీఎస్ 04’, క్రొత్త జిల్లా యేర్పడిన పిదప ఇక్కడి బండ్లకు ‘టీఎస్ 28’, 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు ‘టీజీ 28’ అను గుర్తులు వచ్చినవి. పాత బండ్లు తమ పాత గుర్తులతోనే తిరుగవచ్చును. కనుక ఒక్క ఊరి పెరటిలోనే మూడు తరముల పలకలు కనబడుటలో వింత లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి జిల్లాకొక సంఖ్య యను పద్ధతి పోయి, రాష్ట్రమంతటికి ‘ఏపీ 39’ అను ఒకే శ్రేణి ప్రారంభమైనది. అందుచే అక్కడి క్రొత్త బండి ఏ జిల్లాదో పలకను చూచి చెప్పుట ఇప్పుడు సాధ్యము కాదు.

ఒక బండికి ఎన్ని గుర్తులు?

పలకపై నున్న సంఖ్య ప్రభుత్వమిచ్చిన పేరు. దానికి ముందే కర్మాగారమున బండికి పుట్టుమచ్చల వంటి గుర్తులు రెండు పడియుండును. ఒకటి ఇంజను సంఖ్య. రెండవది చాసిస్ సంఖ్య. చాసిస్ సంఖ్యలో 17 అక్షరములు, అంకెలు కలిసియుండును. అందు ఆంగ్లములోని ఐ, ఓ, క్యూ అను మూడక్షరములను వాడరు. ఏలయన, ఐ ‘ఒకటి’ వలెను, ఓ, క్యూలు ‘సున్న’ వలెను కనబడి తికమక కలిగించును. మొదటి మూడక్షరములు బండి ఏ దేశమున, ఏ సంస్థ చేసినదో తెల్పును. ఈ సంఖ్యను రేకుపై గుద్దెదరు. రంగు వేసినను, తుడిచినను పోదు. పాత బండి చేతులు మారునపుడు ఆ సంఖ్యపై కాగితము పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయుట వాడుక. రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యకును, ఈ అచ్చునకును పొంతన కుదరనిచో అది దొంగబండియో, అతుకులబండియో యని అనుమానింపవలసియుండును.

2019 ఏప్రిల్ 1 నుండి అమ్ముడైన క్రొత్త బండ్లన్నింటికి ‘అధిక భద్రతా పలక’ వచ్చుచున్నది. ఇది అల్యూమినియము పలక. ఎడమవైపు పైభాగమున 20 మిల్లీమీటర్ల అశోకచక్రపు మెరుపు ముద్ర, లేజరు కిరణముతో చెక్కిన సంఖ్య ఉండును. దీనిని బిగించు చీల ఒకమారు పడినచో విరుగగొట్టకుండ ఊడదు. కారు ముందు అద్దము లోపల అంటించు చీటీ మూడవ పలక వంటిది. పెట్రోలు బండికి లేతనీలము, డీజిలు బండికి నారింజ రంగు చీటీ ఉండును.

పలక రంగును బట్టి బండి పనిని గుర్తింపవచ్చును. తెలుపుపై నల్ల అక్షరములున్నది సొంత కారు. పసుపుపై నల్ల అక్షరములున్నది బాడుగ బండి. ఆకుపచ్చ పలక విద్యుత్తు బండిది. ఈ భేదము కేవలము అలంకారము కాదు. తెల్లపలక కారును డబ్బు తీసికొని యాత్రికులకు బాడుగకు త్రిప్పుట చట్టవిరుద్ధము. అట్టి ప్రయాణమున ప్రమాదము జరిగినచో, పాలసీ షరతు తప్పినదని బీమా సంస్థ అడ్డు చెప్పుటకు అవకాశము కలుగును. తక్కువ బాడుగకు ఆశపడి తెల్లపలక బండి యెక్కిన కుటుంబమునకు ఈ సంగతి ఆసుపత్రిలో తెలియుటకన్న ముందే తెలియుట మేలు. సరిహద్దుల సంగతియు ఇట్టిదే. సొంత కారునకు లేని చిక్కు బాడుగ బండికున్నది. దానికి రిజిస్ట్రేషనుతో పాటు పర్మిటు అవసరము. ఆ పర్మిటు ఏ రాష్ట్రములలో చెల్లునో దానిపైననే వ్రాసియుండును.

క్రొత్త కారు నమోదు

క్రొత్త కారు కొన్నవాడు తాను నివసించు లేక బండిని సాధారణముగ ఉంచు ప్రాంతపు రవాణాధికారి వద్ద నమోదు చేయించవలెను. దరఖాస్తు 20వ నమూనా ఫారము. దానితో జతపరచవలసినవి: అమ్మకందారు ఇచ్చు 21వ ఫారము అమ్మకపు పత్రము, బండి రోడ్డునకు తగినదని తయారీదారు ఇచ్చు 22వ ఫారము, బీమా పత్రము, చిరునామా రుజువు, అప్పుతో కొన్నచో బ్యాంకు వివరములు గల 34వ ఫారము. రహదారి పన్ను, రుసుము చెల్లింపవలెను. పూర్వము క్రొత్త బండినైనను అధికారి ఎదుటకు తీసికొనిపోవలసియుండెడిది. 2019 సవరణ తరువాత అధీకృత అమ్మకందారు వద్ద కొన్న క్రొత్త బండికి ఆ నిబంధన తొలగినది.

బీమాలో రెండు భాగములు కలవు. తన బండికి కలుగు నష్టమునకు చేయించు బీమా యజమాని ఇష్టము. ఇతరులకు కలుగు హానికి బాధ్యత వహించు ‘మూడవ పక్షపు బీమా’ మాత్రము చట్టరీత్యా తప్పనిసరి. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారునకు దీనిని ఒకేసారి మూడు సంవత్సరములకు చేయించవలెను. సొంత బండికి గీత పడినచో యజమానికి నష్టము. బాటసారికి కాలు విరిగినచో అతని ఇంటి పొయ్యి ఆరును. చట్టము రెండవదానినే ముఖ్యముగ నెంచినది.

చేతులు మారిన బండి

గ్రామములకు వచ్చు కార్లలో పెక్కు పాతవి. నగరమున పది పన్నెండేండ్లు నడచిన కారు చవుకగ వచ్చునని కొందురు. ఇక్కడనే పెద్ద పొరపాటు జరుగుచున్నది. డబ్బు ముట్టినది, తాళములు చేతికి వచ్చినవి, సంతకము చేసిన ఖాళీ ఫారములు ఇచ్చిపుచ్చుకొన్నారు. బేరము ముగిసినదని ఇరువురును తలతురు. చట్టము దృష్టిలో బేరము ముగియలేదు.

పేరు మార్పిడికి 29, 30 సంఖ్యల ఫారములు కలవు. ఒకే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను అధికారికి తెలియజేయవలెను. బండి వేరొక రాష్ట్రమునదైనచో అమ్మినవాడు 28వ ఫారముపై ‘అభ్యంతరము లేదు’ అను పత్రము తీసికొని 45 దినములలో పని ముగింపవలెను. ఎటపాక వైపు నున్న బంధువు నుండి దుమ్ముగూడెమువాసి కారు కొన్నను ఇదే విధి. ఊళ్లు ఇరుగుపొరుగువే, రాష్ట్రములు వేరు. వేరు రాష్ట్రపు కారు 12 నెలలకు మించి ఇక్కడనే ఉండిపోయినచో, యజమాని మారకున్నను, ఇక్కడి గుర్తు సంఖ్యకు దరఖాస్తు పెట్టవలెను.

ఇది వట్టి కాగితముల తంతు అనుకొనరాదు. ఒక కారు పేరు మారకుండ ఒకరి నుండి ఒకరికి పలు చేతులు మారినది. చివరివాని వద్ద నుండగా ప్రమాదము జరిగి ప్రాణము పోయినది. నష్టపరిహారము ఎవరు చెల్లింపవలెను? రిజిస్టరులో ఎవని పేరున్నదో అతడే చట్టరీత్యా యజమాని యనియు, అతడే బాధ్యుడనియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బాధితుడు ఒక కొనుగోలుదారు నుండి మరియొకని కడకు తిరుగుచు, అసలు యజమాని కొరకు వెదకవలసిన దుస్థితి రాకూడదని ఆ తీర్పులోని తర్కము. అనగా ఏనాడో అమ్మివేసిన కారు ఎక్కడనో చేసిన ప్రమాదమునకు, దానిని చూచి ఏండ్లు గడచిన పాత యజమాని ఇల్లు వాకిలి అమ్ముకొనవలసి రావచ్చును. రిజిస్ట్రేషను పత్రముపై నున్న పేరు బరువు అంతటిది.

పాత బండ్ల వ్యాపారులకు 2023 ఏప్రిల్ 1 నుండి ప్రత్యేక నియమములు అమలులోనికి వచ్చినవి. అధికారమిచ్చు పత్రము గల వ్యాపారికి బండిని అప్పగించినపుడు ఆ సంగతిని రవాణా శాఖకు తెలియజేయు ఏర్పాటు వాటిలో కలదు.

యజమాని మరణించినచో వారసుడు 30 దినములలో ఆ సంగతి తెలిపి, మూడు నెలలలో 31వ ఫారముపై తన పేర మార్పించుకొనవలెను. అప్పు తీరిన పిదప బ్యాంకు నుండి 35వ ఫారము తీసికొని పత్రములోని బ్యాంకు పేరు తొలగింపించవలెను. చిరునామా మారినచో 30 దినములలో తెలియజేయవలెను. ఇవి చిన్న పనులే. కాని జరుగనిచో బండిని అమ్ము దినమున పెద్దవగును.

తనిఖీ ఎపుడెపుడు?

సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరముల వరకు చెల్లును. ఆ గడువు తీరుటకు ముందుగనే, అనగా 60 దినములలోపల, 25వ ఫారముపై పొడిగింపు కోరవలెను. అపుడు బండిని పరీక్షించి, తగియున్నదని తేలినచో ఐదేండ్లకు పొడిగించెదరు. పొడిగింపు లేని బండి, పలక యున్నను, చట్టము దృష్టిలో రిజిస్ట్రేషను లేని బండియే.

బాడుగ బండికి ‘ఫిట్‌నెస్’ పత్రము వేరుగ నుండవలెను. అది క్రొత్త బండికి రెండేండ్లు. తరువాత ఎనిమిదేండ్ల వయసు వరకు రెండేండ్లకొకసారి, ఎనిమిదేండ్లు దాటినపుడు ఏడాదికొకసారి పొందవలెను. ఎక్కువ తిరుగు బండి త్వరగా అరుగును గనుక ఈ భేదము. పూర్వము ఇన్‌స్పెక్టరు కంటితో చూచి, నడిపి తేల్చెడివాడు. యంత్రములతోనే పరీక్షించు కేంద్రముల కొరకు 2021లో నియమములు వెలువడినవి. అట్టి కేంద్రములు క్రమముగ ఏర్పడుచున్నవి.

ఇతర దేశములలో సొంత కార్ల తనిఖీ ఇంకను ముందే మొదలగును. బ్రిటనులో 1960 నుండి ఈ తనిఖీ కలదు. నేడు అక్కడ మూడేండ్లు నిండిన కారునకు ఏటేట పరీక్ష జరుగును. జపానులో క్రొత్త కారునకు మూడేండ్లకు, పిదప రెండేండ్లకొకసారి పరీక్ష తప్పదు. మన దేశమున సొంత కారునకు 15 ఏండ్ల వరకు పొగ పరీక్ష తప్ప వేరు తనిఖీ లేదు. కాబట్టి నడుమ కాలమున తనిఖీ చేయవలసిన భారము యజమానిదే. దానికి కొంత విజ్ఞానము అవసరము.

బ్రేకు: వేగము రెట్టింపైన దూరము నాలుగు రెట్లు

కదలుచున్న బండిలో గతిజశక్తి యుండును. అది ద్రవ్యరాశిని, వేగపు వర్గమును అనుసరించి పెరుగును. బ్రేకు చేయు పని ఈ శక్తిని వేడిగ మార్చుట. 1000 కిలోగ్రాముల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు దాని గతిజశక్తి సుమారు 1,39,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 33 డిగ్రీల మేర వేడెక్కించుటకు ఇది చాలును. ఈ వేడి యంతయు కొన్ని క్షణములలో బ్రేకు పళ్లెములలో పుట్టును.

పొడి రోడ్డుపై మంచి బ్రేకులు సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగమును తగ్గించుననుకొందము. డ్రైవరు అపాయమును చూచి కాలు కదల్చుటకు ఒక సెకను పట్టుననుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులో బండి 8.3 మీటర్లు, బ్రేకు పడిన పిదప 6.9 మీటర్లు, మొత్తము 15 మీటర్లకు పైగ పోవును. 60 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులో 16.7, పిదప 27.8, మొత్తము 44 మీటర్లకు పైగ పోవును. వేగము రెట్టింపైనది, బ్రేకు దూరము నాలుగు రెట్లైనది. వానలో తడిసిన రోడ్డుపై వేగము సెకనుకు 3 మీటర్ల చొప్పుననే తగ్గినచో, 60 కిలోమీటర్ల వేగము గల బండి ఆగుటకు మొత్తము 63 మీటర్లు కావలెను. అడవి దారి మలుపున అడ్డువచ్చిన ఆవు అంత దూరమున నుండదు.

గోదావరి వరద, బ్రేకు నూనె

ఈ ప్రాంతపు కార్లకు ఒక ప్రత్యేకాపాయము కలదు. భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది. అట్టి వరదలలో ఇళ్లతో పాటు బండ్లును మునుగును. మునిగిన బండిని కడిగి, ఎండబెట్టి, ఇంజను నడిపించి ‘బాగున్నది’ అందురు. కాని బ్రేకు నూనె సంగతి ఎవరును చూడరు.

కార్లలో సాధారణముగ వాడు బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకొను గుణమున్నది. ‘డాట్ 3’ అను తరగతి నూనె క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదు. తేమ పీల్చిన పిదప దానికి నియమించిన కనీస మరుగు స్థానము 140 డిగ్రీలు మాత్రమే. ఇపుడు చింతూరు–మారేడుమిల్లి ఘాటు వంటి పల్లపు దారిలో బ్రేకు మరల మరల త్రొక్కుచు దిగిన బండిని ఊహింపవలెను. పళ్లెముల వేడి నూనెకు ప్రాకును. నూనె మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కినచో కుదింపబడదు, కనుక కాలి ఒత్తిడిని చక్రమునకు చేర్చును. ఆవిరి కుదింపబడును, ఒత్తిడి బుడగలలోనే మ్రింగుడుపడును. పెడలు నేలకంటును, బండి ఆగదు. సమతలమున నిక్షేపముగ పనిచేసిన బ్రేకు ఘాటులో చేతులెత్తివేయుటకు కారణమిదే.

కాబట్టి వరదలో మునిగిన కారునకు బ్రేకు నూనెను పూర్తిగ మార్చి, చక్రముల బేరింగులను, విద్యుత్తు తీగల కలయికలను విప్పి చూపించవలెను. పాత కారు కొనువారు సీట్ల క్రింది పట్టాలపై తుప్పును, తివాచీ అడుగున ఒండ్రును, దీపముల గాజులలో తేమ మరకలను చూడవలెను. ఆ మట్టి ఏ కాగితమును చెప్పని చరిత్రను చెప్పును.

టైరు, పొగ, ముందు కమ్మి

టైరు గాడులు తడి రోడ్డుపై నీటిని ప్రక్కకు త్రోయుటకేర్పడినవి. గాడులు అరిగినచో టైరునకును రోడ్డునకును నడుమ నీటిపొర నిలిచి, బండి పడవ వలె జారును. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడులలో అక్కడక్కడ ఉబ్బెత్తు గుర్తులుండును. టైరు అరిగి వాటితో సమమైనచో మార్చవలసిన దినము వచ్చినట్లే.

పొగ పరీక్ష క్రొత్త బండికి ఏడాది నిండిన పిదప మొదలగును. భారత్ దశ 4, 6 ప్రమాణముల బండ్లకు ఏడాదికొకసారి, అంతకు పాతవానికి ఆరు మాసములకొకసారి చేయించవలెను. పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడును కొలుతురు. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. కాని రక్తములోని హీమోగ్లోబినుతో ఆమ్లజని కంటె రెండు వందల రెట్లకు మించిన పట్టుతో కలియును. పరీక్షా యంత్రము పొగ గుండ పరారుణ కిరణములను పంపును. కార్బన్ మోనాక్సైడు సుమారు 4.6 మైక్రాన్ల తరంగములను మ్రింగివేయును. ఎంత మ్రింగినదో కొలిచి ఎంత వాయువున్నదో లెక్కింతురు. దశ 4 కారు మెల్లగ తిరుగు ఇంజనులో ఇది 0.3 శాతమునకు మించరాదు.

డీజిలు పొగకు లెక్క వేరు. అందు మసి ఎక్కువ. ఒక గొట్టములో పొగ నింపి ఒక కొన నుండి వెలుతురు పంపి, రెండవ కొనకు ఎంత చేరినదో చూతురు. 43 సెంటీమీటర్ల గొట్టములో పాత డీజిలు బండి పొగ 65 శాతము వెలుతురును, దశ 4 బండి పొగ 50 శాతము వెలుతురును మించి ఆపరాదు. దీపపు వెలుతురులో పొగను చూచి గాలి చెడినదని చెప్పు అమ్మమ్మ పరీక్షయే ఇది. అంకెలు చేరుటచే శాస్త్రమైనది.

అడవి దారులలో తిరుగు జీపులకు, కార్లకు ముందు బలమైన ఇనుప కమ్మి బిగించు అలవాటున్నది. పందియో పశువో తగిలినను బండికి దెబ్బ తగులదని నమ్మకము. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము దీనిపై చర్య తీసికొనవలసినదని రాష్ట్రములకు తెలిపినది. కారు ముందుభాగము నలుగుటకే నిర్మింపబడినది. అది నలుగుచు దెబ్బను కొంత కాలముపాటు సాగదీయును. అందుచే లోపలివారిపై పడు బలము తగ్గును. ఇనుప కమ్మి ఆ దెబ్బను నేరుగ చట్రమునకు చేర్చును. గాలిసంచులు సకాలమున విచ్చుకొనుటకును భంగము కలిగింపవచ్చును. బాటసారికి తగిలినచో గాయము మరింత ఘోరమగును. తయారీదారు ఇచ్చిన రూపమును ఇట్లు మార్చుట చట్టరీత్యా కూడ తప్పు. తనిఖీలో కమ్మి తీసివేయవలసియుండును.

పాఠశాలలో చేయదగిన పనులు

ఈ విషయమును ఉపాధ్యాయులు తరగతిలో సులభముగ బోధింపవచ్చును.

1. నాణెముపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దించి, చాసిస్ సంఖ్య అచ్చు తీయు పద్ధతిని చూపించవలెను.

2. గంటకు 20, 40, 80 కిలోమీటర్ల వేగములకు బ్రేకు దూరమును విద్యార్థులచే లెక్కింపజేసి, ఆ దూరములను ఆటస్థలమున సున్నముతో గీయించవలెను. వేగపు వర్గము అనగా నేమో సూత్రము కన్న ఆ గీతలే చక్కగ చెప్పును.

3. నిలిపియున్న బండి టైరు గాడి లోతును కొలబద్దతో కొలిపించవలెను. టైరు ప్రక్కభాగమున నున్న నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెల్పును. దానిని బట్టి టైరు వయసు కనుగొనవచ్చును.

4. విద్యార్థి తన ఇంటి బండి పత్రములను పెద్దల అనుమతితో చూచి, పేరు, చిరునామా, రిజిస్ట్రేషను గడువు, బీమా గడువు, పొగ పత్రపు గడువు అను ఐదు సంగతులను ఒక కాగితముపై వ్రాసి ఇంటి గోడకు అంటించవలెను.

పత్రములను ఫోనులో ప్రభుత్వ డిజిలాకర్, ఎంపరివాహన్ అనువర్తనముల ద్వారా చూపినను చెల్లునని 2018లో నియమము వచ్చినది. అయినను ఫోను సంకేతములు అందని అడవి దారులలో తిరుగువారు కాగితపు ప్రతిని వెంట నుంచుకొనుట వివేకము.

ఈ నాలుగింటిలో చివరి పని చిన్నదిగ కనబడును. కాని అన్నిటికన్న ఎక్కువ మేలు చేయునది అదియే. అమ్మివేసిన బండి ఇంకను తండ్రి పేరనే యున్నదని, తాత బ్రతికియున్నపుడు తీసిన పత్రమే నేటికిని నడచుచున్నదని, పదిహేనేండ్ల గడువు గత మాసముననే తీరినదని పలు ఇళ్లలో ఇట్లే బయటపడవచ్చును. ప్రమాదము జరుగక మునుపు తెలిసిన లోపమును ఒక దరఖాస్తుతో సరిదిద్దవచ్చును. జరిగిన పిదప తెలిసినచో దానిని సరిదిద్దుటకు ఏ ఫారమును లేదు.